న్యూయార్క్‌లో అద్దె ఇల్లు: కొన్ని జ్ఞాపకాలు, కొంత చరిత్ర

1965 వలస చట్టం తలుపులు తెరిచాక అమెరికా చేరిన మన తెలుగువాళ్ళలో చాలామంది మొదట కాపురం పెట్టింది అద్దె ఇంట్లోనే. నేను 1978లో భార్యతో, మూడేళ్ళ అమ్మాయితో న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో దిగాను. ఆరంతస్తుల పాత ఇటుక భవనం. చలికాలం రేడియేటర్ రాత్రంతా బుసలు కొట్టేది. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటుండేది కాదు. అయితేనేం, అంతకు ముందు ఏడాది జూలై 4న కుంభాభిషేకం జరిగిన బౌన్ స్ట్రీట్ గణేశుడి గుడికి నడిచి వెళ్ళేవాళ్ళం.

1985లో లీజు ముగిసే ముందు యజమాని తరఫు మనిషి వచ్చి, "అద్దె ఒకటిన్నర రెట్లు ఇవ్వండి, లేదా ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఇల్లుగలాయన పొమ్మంటే పోవాలన్నదే విజయవాడలో నేను నేర్చుకున్న న్యాయం. అక్కడా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉందని అప్పట్లో నాకు తెలియనే తెలియదు! పెట్టెలు సర్దడం మొదలుపెట్టాం. అమ్మాయి బడి మారాలని ఏడ్చింది.

పై అంతస్తులో ఉండే పెద్దావిడ సంగతి విని, "దేనిమీదా సంతకం పెట్టకు. ముందు ఈ భవనం ఎప్పుడు కట్టారో కనుక్కో" అంది. ఆ ఒక్క ప్రశ్నలోనే అసలు కిటుకంతా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నాటి ధరల నియంత్రణ చట్టం కింద, 1943లో న్యూయార్క్ అద్దెలకు కళ్ళెం పడింది. యుద్ధం ముగిశాక 1947 ఫిబ్రవరికి ముందు కట్టిన ఇళ్ళకు ఆ రక్షణ కొనసాగింది. తరువాత కట్టినవాటిలో ఆరు, అంతకు మించి వాటాలున్న భవనాల కోసం నగరం 1969లో అద్దె స్థిరీకరణ చట్టం తెచ్చింది. 1971లో రాష్ట్రం, ఖాళీ అయిన ఇంటికి నియంత్రణ ఉండదంది. అద్దెలు చుక్కలనంటాయి. దాంతో 1974లో అద్దెదారుల రక్షణ చట్టం వచ్చి, ఆ ఏడాదికి ముందు కట్టిన పెద్ద భవనాలను మళ్ళీ గొడుగు కిందికి తెచ్చింది.

అద్దె ఎంత పెంచవచ్చో ఏటా ఒక బోర్డు నిర్ణయిస్తుంది. కొత్త లీజు ఏడాదికా, రెండేళ్ళకా అన్నది అద్దెదారు ఇష్టం. చట్టం ఒప్పుకునే కారణం లేనిదే పొమ్మనడానికి వీల్లేదు. 1984 నుంచి యజమానులు అద్దెలను రాష్ట్ర శాఖలో నమోదు చేయించాలి.

ఆ శాఖకు వెళ్ళి మా ఇంటి అద్దె చరిత్ర తీసుకున్నాను. ఆ కాగితం చూపించగానే యజమాని మనిషి స్వరం మారింది. నెల తిరక్కుండా చట్టబద్ధమైన పెంపుతో లీజు వచ్చింది. ఆ ఇంట్లోనే ఇంకో పదకొండేళ్ళున్నాం. మా అబ్బాయి పుట్టిందీ, అమ్మాయి కాలేజీకి బయల్దేరిందీ అక్కడినుంచే.

తరువాత ఆ గొడుగుకు చిల్లులు పడ్డాయి. నెలకు 2,000 డాలర్లు దాటిన ఇల్లు ఖాళీ అయితే నియంత్రణ పోయేలా 1993లో చట్టం మార్చారు. 2019లో రాష్ట్రం ఆ దారి మూసేసింది. అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించరాదనీ నిర్ణయించింది. పాత భవనాల మరమ్మతులకు డబ్బు చాలడం లేదని యజమానులంటారు. ఆ మాటా కొట్టిపారేయలేం. ఇప్పుడు మనలోనూ ఇళ్ళు అద్దెకిచ్చేవారున్నారు కదా!

అయినా కొత్తగా వచ్చే మన పిల్లలకు ఒక మాట. న్యూయార్క్‌లో పాత ఇంట్లో దిగితే, ఆ ఇంటి అద్దె చరిత్ర రాష్ట్ర శాఖను అడగండి. పైసా ఖర్చుండదు. తెలియని హక్కు పెట్టెలో తాళం వేసిన నగలాంటిది. మా తాళం తీసింది ఆ పెద్దావిడ. ఆ రుణం తీర్చుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.