రెండు పొరల నడుమ గీత

అమీర్‌పేట అంటే ఇప్పుడు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెట్రో రద్దీ. హైదరాబాద్‌కు మందుల తయారీలో పేరు తెచ్చిన కంపెనీల ఆఫీసులు కూడా చాలాకాలం ఈ వీధుల్లోనే ఉండేవి. డాక్టర్ రెడ్డీస్ ప్రపంచానికి పరిచయమైంది అమీర్‌పేట చిరునామాతోనే. మైత్రీవిహార్‌లో అరబిందో, ధరమ్‌కరణ్ రోడ్డులో దివీస్. పంజాగుట్ట నిమ్స్‌కు వచ్చే రోగులు వాడే మాత్రల లెక్కాపత్రాలు కూతవేటు దూరంలోనే నడిచేవన్నమాట.

మందుల తయారీ విద్యకు తొలి బడి బాలానగర్‌లోని ఐడీపీఎల్. సోవియట్ సాయంతో వెలిసిన ఆ ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసినవారే కల్లం అంజిరెడ్డి. ఒకే మందును వేరే పద్ధతిలో తయారుచేసే వీలును 1970 పేటెంట్ చట్టం కల్పించింది. 1984లో అంజిరెడ్డి డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు యజమానుల పేర్లు వినిపిస్తాయి, లేయర్ కట్ చేసే, అంటే ద్రవాల పొరలను విడదీసే ఆపరేటర్ ఊసు మాత్రం రాదు. బొల్లారం, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో రియాక్షన్ అయ్యాక అసలు పరీక్ష ఆయనదే. నీళ్లు, సాల్వెంట్ కలిపి తిప్పి, ఆపి, రెండు పొరలుగా తేరుకోనివ్వాలి. మిథిలీన్ డైక్లోరైడ్ అయితే అడుగుకు దిగుతుంది, టోలుయీన్ అయితే పైకి తేలుతుంది. అడుగు వాల్వ్ కొద్దిగా తెరిచి, సైట్ గ్లాస్‌లో గీత కనబడగానే కట్టేయాలి. మందు పై పొరలో ఉన్నప్పుడు ఆలస్యమైతే మందు నీళ్లలో పోతుంది. తొందరపడితే మలినం మందుతో ఉండిపోతుంది. మధ్యలో నురగలాంటి ఎమల్షన్ పట్టిందంటే, ఉప్పునీళ్లు పోసి గంటల తరబడి ఎదురుచూడాల్సిందే. ఈ ఓపికకు ఏ డిగ్రీ పట్టా లేకపోవడం అన్యాయం.

ఆ పద్ధతికి సాల్వెంట్ ఎక్కువ కావాలి, వ్యర్థమూ ఎక్కువే. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగుకు ఏ గతి పట్టిందో అక్కడి రైతులకు తెలుసు.

నీళ్లు, సాల్వెంట్ కలిపి విడదీసే ఇదే పనిని మిల్లీమీటరు కన్నా సన్నని గొట్టంలో చేయించే ప్రయత్నం తర్వాత మొదలైంది. అంత ఇరుకులో బరువు తేడా పనిచేయదు, తలతన్యతదే పెత్తనం. రెండు ద్రవాలను టీ ఆకారపు జాయింట్‌లో కలిపితే నీటి తునక, సాల్వెంట్ తునక ఒకదాని వెనక ఒకటి సాగిపోతాయి. ప్రతి తునక లోపలా ద్రవం సుడి తిరుగుతూ కొత్త అంచును అందిస్తుంది. గొట్టం వ్యాసం సగమైతే, అదే పరిమాణం ద్రవానికి గోడ వైశాల్యం రెట్టింపు. అందుకే గంటల పని నిమిషాల్లోకి, ఒక్కోసారి సెకన్లలోకి వస్తుంది. పంపుల వేగాల నిష్పత్తి మారితే తునకల పొడవూ మారిపోతుంది.

మరి విడదీసేదెలా? 2007లో అమెరికాలోని ఎంఐటీలో క్లావ్స్ జెన్సెన్ బృందం సన్నని రంధ్రాల పొరతో దారి చూపింది. నీటిని అంటనివ్వని ఆ పొర గుండా సాల్వెంట్ మాత్రమే దిగుతుంది. ఒత్తిడి తగ్గితే సాల్వెంట్ కొంత నీటితోపాటే పోతుంది, పెరిగితే నీళ్లూ చొరబడతాయి. సైట్ గ్లాస్ దగ్గర ఆపరేటర్ చూసిన హద్దును ఇక్కడ ఒత్తిడి కాపాడాలి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో తెలంగాణ ప్రభుత్వం, డాక్టర్ రెడ్డీస్, లారస్ ల్యాబ్స్ కలిసి ఫ్లో కెమిస్ట్రీ, అంటే ఇలా గొట్టాల్లో ప్రవాహంలోనే రసాయన చర్యలు జరిపే పద్ధతి కోసం, ఒక కేంద్రం తలపెట్టాయి. అయితే మందుల తయారీలో స్ఫటికాలు కట్టే దశలు చాలా ఉంటాయి. చిన్న పలుకు అడ్డుపడినా గొట్టం మూసుకుపోతుంది. కాబట్టి పెద్ద రియాక్టర్లూ, వాటి కింద వాల్వ్ పట్టుకున్న చేతులూ ఇంకా పనిలోనే ఉన్నాయి.