సూక్ష్మదర్శినిలో పడిన గీత

రోగి శరీరంలో పైకి కనిపించని భాగాల చిత్రాన్ని, సర్జన్ చూస్తున్న చోటే ఆ శరీరం మీద పరిచి చూపే విద్యను ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. ఈ దారిలో తొలి మెట్టనదగిన పరిశోధనాపత్రం 1986లో అమెరికాలోని డార్ట్‌మౌత్ నుంచి వెలువడింది గనుక 2026తో దానికి నలభై ఏళ్లు నిండుతున్నాయి. విశాఖపట్నంలో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణానికి కూడా ఈ ఏడాదే ఇరవై ఏళ్లు. ఈ కలయిక కాకతాళీయమే అయినా, మెదడు దగ్గర తడబడిన ఈ విద్య కంటి దగ్గర నిలదొక్కుకున్న వైనాన్ని తలచుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

సుశ్రుతుడి కాలంలో శుక్లాన్ని పక్కకు నెట్టిన వైద్యుడికి వేళ్ల అనుభవమే ఆధారం. ఆ తరువాత శతాబ్దాలు గడిచి, 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేను కనుగొన్నాక శరీరం లోపల ఉన్నది పలక మీద కనిపించింది. 1947లో స్పీగెల్, వైసిస్ అనే వైద్యులు తలకు లోహపు చట్రం బిగించి మెదడులోని బిందువులను కొలతలతో గుర్తించారు. 1970లలో సీటీ స్కాన్ వచ్చినా, దాని చిత్రాలు గోడమీది వెలుతురు పెట్టె మీదే ఉండడంతో, సర్జన్ ఒకసారి గోడను, ఒకసారి గాయాన్ని చూస్తూ రెండింటినీ మనసులోనే కలుపుకోవలసి వచ్చేది.

1986 నాటి ఆ డార్ట్‌మౌత్ పత్రంలో న్యూరోసర్జన్ డేవిడ్ రాబర్ట్స్ బృందం ఆ భారాన్ని యంత్రానికి అప్పగించింది. వారు రోగి తలమీద గుర్తులు అంటించి స్కాన్ తీసి, ఆపరేషన్ సూక్ష్మదర్శినికి విద్యుత్ మెరుపులు పుట్టించే మొనలు అమర్చారు. ఒక్కో మెరుపు చేసే చిన్న చప్పుడు గదిలోని మైక్రోఫోన్లను చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి సూక్ష్మదర్శిని ఎక్కడ ఉందో, ఎటు చూస్తోందో కంప్యూటర్ లెక్కగట్టి, ఆ లోతులో కణితి అంచు ఎలా ఉండాలో ఒక గీతగా చిన్న తెర మీద గీసి, అద్దం ద్వారా సర్జన్ చూపులోకే పంపేది. చట్రం బిగించే పని లేకుండా, తల తిప్పనవసరం లేకుండా, చప్పుడు వేగమనే పాఠశాల లెక్కతో మెదడులోని కణితికి హద్దు గీయగలగడం వైద్య చరిత్రలో అపురూపమైన ఊహ.

గీత సరిగ్గా పడినా మెదడు ఉన్నచోట ఉండదు. పుర్రె తెరిచి ద్రవం జారిపోగానే అది కుంగుతుంది. ఆ కదలిక సగటున దాదాపు ఒక సెంటీమీటరని 1998లో కొలిచి ప్రకటించినది కూడా రాబర్ట్స్ బృందమే. తాము కట్టిన పద్ధతికున్న హద్దును తామే కొలిచి చెప్పిన ఆ నిజాయితీకి మూలపత్రానికి ఇచ్చినంత గౌరవం ఇవ్వాలి.

కంటికి ఈ కుంగుబాటు బెడద లేదు. శుక్లం తీసి, ఆస్టిగ్మాటిజం, అంటే నల్లగుడ్డు వంపు అన్ని దిశల్లో సమానంగా లేని దోషం, ఉన్నవారికి అమర్చే టోరిక్ కటకాన్ని సరైన కోణంలో నిలపాలి. అది ఒక్క డిగ్రీ తప్పితే దిద్దుబాటులో దాదాపు 3.3 శాతం, ముప్పై డిగ్రీలు తప్పితే మొత్తం వృథా అవుతుంది. రోగి పడుకోగానే కన్ను కొద్దిగా తిరుగుతుంది గనుక మునుపు కూర్చోబెట్టి సిరాతో గుర్తులు పెట్టేవారు. ఇప్పుడు తెల్లగుడ్డు మీది రక్తనాళాల ఆనవాళ్లతో కంటిని గుర్తుపట్టి, కోణపు గీతను సూక్ష్మదర్శినిలోనే చూపే పరికరాలు వచ్చాయి. నలభై ఏళ్లనాటి గీతకు ఇవి వారసులు.

ఆపైన కథ ఒక్క వరుసలో నడవదు. 2016లో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ కళ్లద్దాలు వచ్చాయి. 2020లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఇలాంటి తలపరికరంతో వెన్నెముకలో మరలు బిగించారు. 2024లో మైక్రోసాఫ్ట్ తన కళ్లద్దాల తయారీనే ఆపేసింది. పరికరాలు ఇలా వస్తూ పోతూ ఉన్నా, కదిలే అవయవం మీద గీతను ఎలా నిలపాలన్న ప్రశ్న మాత్రం మెదడు, కాలేయం సర్జన్లకు ఇంకా మిగిలే ఉంది.