స్పెయిను దేశపు ఐశ్వర్యము – దాని క్షయము

తరగతిలో స్పెయిను చరిత్ర చెప్పుచుండగా నొక బాలుడు, “అంత వెండి వచ్చినది గదా, మఱి బీదతన మెట్లు వచ్చెను?” అని యడిగెను. ఆ ప్రశ్న పెద్దలును విచారింపదగినది.

క్రీ.శ. 1545వ సంవత్సరమున దక్షిణ అమెరికాలోని పొటోసి కొండయందు వెండిగని బయల్పడెను. ఆ దేశపు ఆదిమజనులను వంతులవారీగా బలవంతముగా గనిలో దింపి, స్పెయినువారు ఓడలకొలది వెండిని సెవిల్లు పట్టణమునకు తెచ్చుకొనిరి. 1580లో పోర్చుగలు కిరీటమును లభింపగా, రెండవ ఫిలిప్పు నాలుగు ఖండములయందు భూములు గలవాడయ్యెను. ఐరోపాలో నంతటి ప్రభువు వేఱొకడు లేడు.

అట్టి రాజు 1557, 1560, 1575, 1596 సంవత్సరములలో అప్పులు తీర్చజాలనని చేతులెత్తివేసెను! రాబోవు వెండి ముందుగనే జినోవా వర్తకులకు తాకట్టు పడియుండెను. నెదర్లాండ్సులో 1568లో మొదలైన యుద్ధము, నడుమ కొన్నియేండ్లు సంధి జరిగినను, 1648 వఱకు ధనమును మ్రింగుచుండెను. 1588లో ఇంగ్లాండుపైకి బంపిన సుమారు 130 ఓడలలో పెక్కు తిరిగి రాలేదు.

ఇంతకంటె లోతైన రోగ మింటిలోనే యుండెను. వెండి పెరిగినకొలది ధరలును పెరిగెను; స్వదేశపు వస్త్రముకంటె పరదేశపు వస్త్రము చవుకయయ్యెను. మగ్గములు మూలబడెను. ప్రభువంశీయులకు ప్రత్యక్షపు పన్నులు లేవు. చేతిపని వారికి చిన్నతనము. కావున ధనము గడించిన వర్తకుడు వర్తకమును విడిచి, గౌరవబిరుదము కొనుక్కొని కూర్చుండ గోరెను. అది చాలదన్నట్లు 1609 మొదలు 1614 వఱకు, క్రైస్తవమతము పుచ్చుకొన్న ముసల్మానుల సంతతివారిని సుమారు మూడులక్షలమందిని దేశమునుండి వెడలగొట్టిరి. వారిలో కష్టజీవులగు సేద్యగాండ్రు పెక్కురు. వాలెన్షియాలో పొలములు బీడువడెను.

సెల్లోరిగో యను న్యాయవేత్త 1600లోనే, ధనమే దారిద్ర్యమునకు హేతువైనదనియు, శ్రమను విడిచిన జాతి నిలువజాలదనియు హెచ్చరించెను. వినినవారు తక్కువ. 1640లో పోర్చుగలు విడిపోయెను. 1643లో రొక్రువా యుద్ధమున పేరుమోసిన కాల్బలము ఓడెను. 1648లో డచ్చివారి స్వాతంత్ర్యము నొప్పుకొనవలసివచ్చెను. అమెరికా ఖండమున మిగిలిన క్యూబా, ప్యూర్టోరికోలును, ఆసియాలోని ఫిలిప్పీన్సును 1898లో చేజారెను.

చదువరులారా, ఈ పతనమునకు శత్రువులనో దైవమునో నిందించుట సులభము. కాని రాజ్యము మిక్కిలి వెలుగుచున్న దినములలోనే, పనిచేయు చేతిని నీచముగా జూచుటతోడనే, క్షయము మొదలైనది. ఆ చూపు మన యిండ్లలో లేదా? తాతల యాస్తి దిని కూర్చున్నవానిని పెద్దమనుష్యుడందుము. ఉలి పట్టినవానిని అరుగు దిగువనే నిలిపి మాటలాడుదుము.

ఆ ప్రశ్న యడిగిన బాలుడు వడ్రంగి కుమారుడు. తండ్రి వృత్తిని నలుగురిలో చెప్పుకొనుటకు వాడు సిగ్గుపడుట నే నెఱుగుదును. ఆ సిగ్గును వానికి నేర్పినవారము మనమే. దానిని మాన్పవలసినవారమును మనమే.