చెట్టు మీది పాట, నేల మీది దరువు

మా అత్తమ్మకు ఎనభై దాటాయి. చెవులు మందగించాయి. పూర్తిగా వినపడదనుకునేరు! వీధి చివర డప్పు మోగితే అందరికంటే ముందు లేచి అరుగు మీదికి వచ్చేది ఆమే. పక్కనే పాట పెడితే మాత్రం, "సప్పుడైతే వస్తున్నది బిడ్డా, మాటలే సమజైతలేవు" అంటుంది.

బతుకమ్మ పండుగకు మా గల్లీ ఆడవాళ్లం తలా కొంత వేసుకుని, ఆరుబయట పెట్టుకునే స్పీకర్లు కొందామనుకున్నాం. ఎంపిక నా నెత్తిన పడింది. "నువ్వు నవలలు రాస్తవు, నీకు తెల్వనిదేముంది వదినా" అన్నారు. బి.ఏ. చదివినదానికి కరెంటు సామాను సంగతి ఏం తెలుస్తుంది, మీరే చెప్పండి!

సిద్దిపేట బజారులో కొట్టు కుర్రాడు నా నడుమెత్తు డబ్బా చూపించాడు. "రెండువేల వాట్లక్కా! ఇది వెడ్తే కోమటి చెరువు దాక ఇనవడ్తది" అన్నాడు. మాకు కావలసింది చెరువు దాకా కాదు, అరుగు దాకా. ఆలోచించుకుని వస్తానని చెప్పి ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. అందులో నా చిన్ననాటి చెట్టు మైకు కథ దొరికింది.

గుర్తుందా మీకు? పెళ్లి ముందురోజే మైకుసెట్టాయన వచ్చి చింతచెట్టు కొమ్మకు బూర కట్టేవాడు. పాట ఊరు దాటి పొలాల దాకా పోయేది. అయితే పాటలోని తబలా మాత్రం ఏదో రేకు డబ్బా మీద కొట్టినట్టు 'టకటక'మనేది. డప్పు మోగితే గుండెలో తగులుతుంది కదా, ఆ బూరలో అదెక్కడికి పోయిందో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

అయస్కాంతం నడుమ తీగచుట్ట కదిలి శబ్దం చేసే ఏర్పాటుకు 1898లోనే ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ పేటెంటు తీసుకున్నాడు. 1915లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు దానికి గ్రామఫోను బూరలాంటిది తగిలించారు. 'మాగ్నవాక్స్' అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో 'గొప్ప గొంతు' అని అర్థం. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు శాన్ ఫ్రాన్సిస్కోలో వేలాది జనానికి వినిపించారు. మన దేశంలోనూ స్వాతంత్ర్యోద్యమ సభల ఫొటోల్లో మైకు మీద 'చికాగో రేడియో' అని కనిపిస్తుంది చూడండి. అమెరికా కంపెనీ అనుకునేరు, మన మోట్వానీ వాళ్లదే!

బూర పుట్టింది గొంతు కోసం. దూరానున్న మనిషికి మాట తెలియాలి, అంతే. మంద్రం దానివల్ల కాదు. మన సంగీతం వాళ్లు మంద్రమనే దాన్నే కుర్రాళ్లు బేసు అంటున్నారు. సెకనుకు యాభైసార్లు కంపించే శబ్దానికి ఒక్కొక్క అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఆ ధ్వనిని పలికించాలంటే బూర నోరు ఇంటి గుమ్మం కంటే పెద్దదిగా ఉండాలి. ఇక చెట్టుకెలా కడతారు?

1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ బూర తీసేసి కాగితపు శంకువును నేరుగా కదిలించారు. కొత్త చిక్కొచ్చింది. శంకువు ముందుకు తోసిన గాలినీ వెనక్కి లాగిన గాలినీ కలవనిస్తే మంద్రం చెల్లిపోతుంది. అందుకే దాన్ని డబ్బాలో బిగించడం. 1954లో ఎడ్గార్ విల్చర్ ఆ డబ్బాను గాలి చొరకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. చిన్న పెట్టెలోంచి కూడా గంభీరమైన దరువు పలికింది.

మరి మన డప్పు? పెద్ద తోలు, పెద్ద దెబ్బ, ఎక్కువ గాలి. మంట దగ్గర కాచి తోలు బిగిస్తారే, ఆ విద్యకు ఏ పేటెంటూ లేదు.

అత్తమ్మ సంగతీ ఇక్కడే తేలింది. వయసుతోపాటు ముందు పోయేవి సన్నని ధ్వనులట. స, శ, త లాంటి అక్షరాల పదును వాటిలోనే ఉంటుంది. మంద్రం చాలాకాలం నిలుస్తుంది. ఆమెకు మాట చెదిరిపోయి దరువు మిగిలిందంటే కారణం అదే.

అయితే పెద్ద డబ్బానే కొనేద్దామా? ఎదురింటి చెల్లె బిడ్డ కాన్పుకొచ్చింది. పసివాడికి నెల నిండలేదు. సన్నని శబ్దాన్ని గోడ చాలావరకు ఆపుతుంది. మంద్రం గోడ దాటుకుని ఉయ్యాల దాకా వెళ్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వద్దన్నాయి. పండుగల పేరిట ఏడాదిలో కొన్ని రోజులకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. పసివాడి నిద్రకు సడలింపు ఎవరిస్తారు?

మళ్లీ కొట్టుకు వెళ్లాను. రెండువేల వాట్ల అంకె వదిలేసి, నిలకడగా ఇచ్చే ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నని అడిగాను. కుర్రాడు నన్ను కొత్తగా చూశాడు. ఎనిమిదంగుళాల శంకువున్న, వానజల్లుకు తట్టుకునే పెట్టెలు రెండు తెచ్చాను. చెట్టుకు కట్టలేదు. ఆరుబయట మంద్రాన్ని తిప్పి పంపే గోడలుండవు కనుక, మన గోడనే దానికి ఆసరా ఇవ్వాలి. అరుగు పక్కన నేలమీద, గోడకు ఆనించి పెట్టాం. ఇంకొక కిటుకు కూడా దొరికింది. ఆరుబయట దూరం సగం చేస్తే నాలుగింతల వాట్లు కొన్నంత ఫలితమట! దగ్గరగా పెట్టాం కనుక గొంతు తగ్గించాం.

సాయంత్రం బతుకమ్మలు పేర్చుకుని అరుగు ముందే తిరిగాం. పెట్టెలో సన్నగా దరువు, పాట మాత్రం మేమే అందుకున్నాం. పెదవులు కనబడేంత దగ్గర్లో కదా, మాటలు అత్తమ్మకు కొంచెం కొంచెం అందుతున్నాయి. ఆమె చెయ్యి అరుగు మీద మాతోపాటే తాళం వేస్తోంది.

"డప్పు ఎవలు కొడ్తున్రే?"

"ఎవలు లేరు అత్తమ్మా, గా డబ్బాలే."

కాసేపు చెవి ఒగ్గి వింది. "మంచిగనే కొడ్తున్నయి. ఇంకింత తగ్గియ్యున్రి, ఎదురింట్ల పిల్లగాడు పండుకున్నడు గదా" అంది.

తగ్గించాం. ఆమె తాళం మాత్రం తప్పలేదు.