భాగం 4: నేల, నీరు, మనిషి – శ్రీకాకుళం, విజయనగరం ప్రాంత చరిత్రకు భౌగోళిక పునాదులు

4.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• భౌతిక భూగోళానికి, మానవ భూగోళానికి ఉన్న తేడాను మీ ఊరి ఉదాహరణతో వివరించగలుగుతారు.
• కొండలు, నదులు, తీరం ఈ ప్రాంత చరిత్రపై చూపిన ప్రభావాన్ని గుర్తించగలుగుతారు.
• ‘వెనుకబాటుతనం’ ప్రకృతి వల్ల వచ్చిందా, చరిత్ర వల్ల వచ్చిందా అన్న ప్రశ్నను పరిశీలించగలుగుతారు.

4.1 పరిచయం

చాలా ఏళ్ళ క్రితం ఒక ఆదివారం కాంటాక్టు తరగతిలో ఉద్దానం నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి అడిగాడు: “మాస్టారూ, మా దగ్గర వాన పడుతుంది, ఏరు పారుతుంది, సముద్రం ఉంది. అయినా మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలే. తప్పు నేలదా, మాదా?” ఆ రోజు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. ఈ పాఠాన్ని ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబుగా చదవండి.

ముందుగా రెండు మాటల అర్థం తెలుసుకుందాం. కొండలు, నదులు, నేలలు, వర్షపాతం, గాలులు, తీరరేఖ మొదలైనవాటిని వివరించేది భౌతిక భూగోళం. మనుషులు ఎక్కడ స్థిరపడ్డారు, ఏం పండించారు, ఏ దారిన సరుకు నడిపారు, ఎక్కడికి వలస పోయారు, హద్దులు ఎలా గీసుకున్నారు అన్నది మానవ భూగోళం. మొదటిది అవకాశాలను ఇస్తుంది. వాటిలో ఏది ఎవరికి దక్కుతుందో నిర్ణయించేది రెండోది. ఈ రెండూ కలిసే చోటే చరిత్ర మొదలవుతుంది.

4.2 భౌతిక స్వరూపం

శ్రీకాకుళం, విజయనగరం, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాల పటాన్ని ఎదురుగా పెట్టుకోండి. పడమర, ఉత్తర దిక్కుల్లో తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం, మధ్య సన్నని మైదానం కనిపిస్తాయి. తూర్పు కనుమలు ఒకే గోడలా ఉండవు. నదులు కోసిన సందులతో తెగిపోయిన గుట్టల వరసలుగా ఉంటాయి. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే శిలకు, ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదుగానే ఖోండలైట్ అని పేరు పెట్టారు. సరిహద్దుకు అవతల ఒడిశాలో ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు.

నదులన్నీ పొట్టివే. నాగావళి పొడవు సుమారు 256 కిలోమీటర్లు, వంశధార సుమారు 254 కిలోమీటర్లు. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, మొదటిది శ్రీకాకుళం సమీపంలోని కళ్ళేపల్లి వద్ద, రెండోది కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తాయి. మహేంద్రతనయ, చంపావతి వీటికంటే చిన్నవి. చిన్న వాగులను మనం గెడ్డలు అంటాం. కొండకూ కడలికీ మధ్య దూరం తక్కువ, వాలు ఎక్కువ. అందుచేత వరద గబగబా వస్తుంది, గబగబా పోతుంది. గోదావరి, కృష్ణలకు ఉన్నంత విశాలమైన డెల్టా ఇక్కడ ఏర్పడలేదు.

ఇక వర్షపాతం. ఏటా సగటున సుమారు 1,100 మిల్లీమీటర్లు పడుతుంది. అనంతపురంలో పడేదానికి ఇది దాదాపు రెట్టింపు. అంటే ఇక్కడ కొరత వానకు కాదు, పడిన వానను నిలబెట్టే ఏర్పాటుకు. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

4.3 నది ఒడ్డున రాజధాని

ఈ నైసర్గిక స్వరూపమే ఒకప్పుడు ఈ ప్రాంతానికి బలం. వంశధార దక్షిణ గట్టున ఉన్న శాలిహుండం గుట్ట మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాల శిథిలాలు బయటపడ్డాయి. అక్కడి నుంచి నది వెంట కొద్ది కిలోమీటర్లు దిగితే కళింగపట్నం రేవు. వ్యాపారులూ భిక్షువులూ నడిచిన దారుల మీదే ఆరామాలు వెలిశాయన్నది మీరు ఇతర భాగాల్లో చదివిన విషయమే. విజయనగరం దగ్గరి రామతీర్థం కూడా ఇందుకు సాక్ష్యం.

నది ఎగువకు వెళితే ఎడమ గట్టున శ్రీముఖలింగం వస్తుంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారో పటం చూస్తే బోధపడుతుంది. వెనక కొండల రక్షణ, ముందు పంటభూమి, నది వెంట రేవుకు దారి. తొలి గాంగుల తామ్రశాసనాలు మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుని తలుస్తాయి. కొండ వారికి దైవమూ అయింది, హద్దూ అయింది.

అయితే భూగోళం ఎవరినీ కట్టిపడెయ్యదు. 1078లో సింహాసనం ఎక్కిన అనంతవర్మ చోడగంగ ఉత్తరాన మహానది డెల్టాను గెలిచిన తరవాత రాజధానిని కటకానికి మార్చాడు. వంశధార ఎక్కడికీ పోలేదు, కొండ కదల్లేదు. మారింది రాజ్యకేంద్రం. నాటి రాజధాని నేడు ఆలయాలున్న ఒక పల్లె.

4.4 రేవులు ఎందుకు చిన్నబోయాయి?

కళింగపట్నం, భీమునిపట్నం, బారువ రేవులు పంతొమ్మిదో శతాబ్దంలో కూడా పనిచేశాయి. ఓడ దూరంగా లంగరు వేసేది, పడవల మీద సరుకు చేరవేసేవారు. మన గోగునార బయటి బజారుల్లో ‘భీమిలి జనపనార’ పేరుతో అమ్ముడయింది.

1890లలో తూర్పుతీర రైలుమార్గం వచ్చింది. అది రేవులను తాకకుండా లోపలి నుంచి, ఆమదాలవలస మీదుగా సాగింది. 1931లో విజయనగరం – రాయపూర్ మార్గం పూర్తయింది. 1933లో విశాఖపట్నం హార్బరు ప్రారంభమైంది. మధ్యభారతం మాంగనీసు, నూనెగింజలు నేరుగా విశాఖకు చేరాయి. చిన్న రేవులకు సరుకు రావడం తగ్గిపోయింది.

ఇక్కడ రెండు కారణాలను విడదీసి చూడాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటు విశాఖకు ప్రకృతి ఇచ్చిన సౌకర్యం. రైలుపట్టా ఎటు వెయ్యాలి, హార్బరుకు పెట్టుబడి ఎక్కడ పెట్టాలి అన్నవి మనుషుల నిర్ణయాలు. మొదటిది లేకపోతే రెండోది రాదు, నిజమే. కాని మొదటిది ఒక్కటే సరిపోదు.

4.5 వాన ఉన్నా వలస ఎందుకు?

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి కింద ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీలలో ఉండిపోయింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట (1847–52), ఆ వెంటనే కృష్ణపై బెజవాడ ఆనకట్ట కట్టిన ప్రభుత్వానికి అక్కడ పెరిగిన పంట మీద శిస్తు రూపంలో నేరుగా రాబడి వచ్చింది. జమీందారీ నేలలో ఎంత పండినా ప్రభుత్వానికి వచ్చే పేష్కషు పెరగదు. కాబట్టి ఇక్కడి ఏళ్ళ మీద ఖర్చు పెట్టే ఆసక్తి తక్కువ. చెరువుల బాగోగులు జమీందారు దయ మీద ఆధారపడ్డాయి. వాన ఒక నెల వెనకబడితే రైతుకు దిక్కు లేదు. 1866 కరవు ఒరిస్సాతో పాటు గంజాం జిల్లానూ కుదిపివేసింది.

1852 యుద్ధం తరవాత దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. అక్కడ వరిసాగు, రంగూన్ బియ్యపు మిల్లులు పెరిగి కూలీలు కావలసివచ్చారు. మేస్త్రీలు ముందస్తు డబ్బు ఇచ్చి మన పల్లెల నుంచి మనుషులను ఓడలెక్కించారు. సరుకు కోసం ఏర్పడిన రేవులు మనుషులను పంపే రేవులయ్యాయి. 1942లో జపాను సేనలు రంగూన్‌ను పట్టుకున్నప్పుడు వేలమంది అడవుల గుండా నడిచి వెనక్కు వచ్చారు. ఎందరో దారిలోనే పోయారు.

వలస అక్కడితో ఆగలేదు. నేటి మత్స్యకారుల సంగతి చూడండి. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 193 కిలోమీటర్లు. అయితే ఇక్కడ ఖండతీరపు అంచు, అంటే తీరాన్ని ఆనుకొని లోతు తక్కువగా ఉండే సముద్రభాగం, ఇరుకు. గుజరాత్ దగ్గర అది చాలా వెడల్పు. ఇది భౌతిక కారణం. పెద్ద మరపడవలు నిలిపే హార్బర్లు మన తీరంలో లేకపోవడం మానవ కారణం. రెండూ కలిసి మనవాళ్ళను వెరావల్ దాకా తీసుకుపోతున్నాయి. 2018 నవంబరులో గుజరాత్ తీరాన పాకిస్తాన్ అదుపులోకి తీసుకున్న మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు గుండా తిరిగివచ్చారు. ఆ పద్నాలుగు నెలలు వారి ఇళ్ళల్లో ఎలా గడిచి ఉంటాయో ఊహించండి. భూగోళ పాఠం పటం మీద మాత్రమే ఉండదు.

4.6 గీసిన హద్దులు, పారే నీళ్ళు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా చీలింది. పర్లాకిమిడి పట్టణం అటు, టెక్కలి ఇటు వచ్చాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడ్డాయి. నది మాత్రం ఈ గీతలను ఎరగదు. వంశధార పరీవాహక ప్రాంతంలో దాదాపు మూడు వంతులు ఒడిశాలో ఉంది. నీటిని చెరిసగం పంచుకోవాలని 1962లో రెండు రాష్ట్రాలు అంగీకరించాయి. మన వైపు హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి వచ్చింది. ఎగువన నేరడి బ్యారేజి విషయంలో తగువు ముదిరి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది.

భాషకూ ఇదే వర్తిస్తుంది. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. కొండ, మైదానం కలిసే చోట బతికిన పండితుడు కాబట్టే ఆ భాష ఆయన చెవిన పడింది.

4.7 సారాంశం

తుఫానును మనం ఆపలేం. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. కాని తోట పోయిన రైతు మళ్ళీ నిలదొక్కుకుంటాడా, రైలెక్కుతాడా అన్నది సాగునీరు, పరిహారం, అప్పు, ధర నిర్ణయిస్తాయి. అవి మనుషుల చేతిలో ఉన్నవి. ఆ విద్యార్థికి నేను ఇప్పుడు చెప్పగలిగింది ఇది: తప్పు నేలదీ కాదు, మీదీ కాదు. నీరు నిలబెట్టని, రేవు కట్టని నిర్ణయాల చరిత్ర అది. నిర్ణయాల వల్ల వచ్చినదాన్ని నిర్ణయాలతో మార్చవచ్చు.

4.8 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వంశధార, నాగావళి నదుల్లో వరద త్వరగా వచ్చి త్వరగా తగ్గడానికి కారణమేమిటి?
2. చిన్న రేవుల క్షీణతలో భౌతిక, మానవ కారణాలను వేరుచేసి రాయండి.

4.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. జమీందారీ పద్ధతికీ ఈ ప్రాంత సాగునీటి కొరతకూ ఉన్న సంబంధాన్ని చర్చించండి. (30 వరుసలు)
2. మీ ఊరి చెరువు లేక గెడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో పెద్దలను అడిగి పటం గీయండి. దాని నీటిని ఎవరు, ఎప్పటి నుంచి వాడుకుంటున్నారో వివరించండి. (15 వరుసలు)