కరువు కూరలకు కలిగిన కీర్తి
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కిందటి నెలలో ఒకరోజు కూరలమ్మి బుట్టలో గంగపాయల కూర కనిపించింది. ముచ్చటపడి రెండు కట్టలు తీసుకుని పప్పులో వేశాను. మా అత్తగారు కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదెందుకు వండావే? కరువు రోజుల్లో గట్ల వెంట ఏరుకుని తిన్న కూర. మళ్ళీ నాకు వడ్డించకు" అన్నారు. "ఆకుకూరలు బాగా తినమని మీ అబ్బాయికి డాక్టరుగారు చెప్పారండీ" అన్నాను. ఆవిడ నవ్వేసి, "మేం తింటే లేమి, డాక్టరు చెబితే మందూనా?" అన్నారు.

ఆ మాటకి నాకు క్రీట్ ద్వీపం గుర్తుకొచ్చింది. మా అత్తగారికీ గ్రీసు దేశానికీ సంబంధమేమిటని నవ్వకండి. చెబుతాను వినండి.

గ్రీసుకు దక్షిణంగా, మధ్యధరా సముద్రంలో తూర్పు పడమరలుగా సాగి ఉన్న ద్వీపం క్రీట్. పొడవు రమారమి 260 కిలోమీటర్లు. నడుమంతా కొండలు. కొండల ఒడిలో చిన్న చిన్న పల్లెలు, వాటి చుట్టూ ఆలివ్ తోటలు. 1900లో ఆర్థర్ ఎవాన్స్ అనే ఇంగ్లీషు పండితుడు అక్కడి నోసోస్ అనే చోట తవ్వకాలు మొదలుపెట్టి పెద్ద రాజభవనాన్ని బయటపెట్టాడు. దాని కొట్లలో మనిషెత్తు మట్టి గూనలు వరసగా ఉన్నాయి. నూనె, ధాన్యం నిలవ చేసుకునేవి. అంటే మూడున్నర వేల ఏళ్ళ కిందట కూడా అక్కడి ఇల్లాలికి ఉన్న మొదటి చింత మనదే అన్నమాట: ఏడాదికి సరిపడా ఇంట్లో ఉన్నదా, లేదా?

పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఆ చింత పోలేదు. కట్టెలకు కరువు కనుక పొయ్యి రోజూ వెలిగించేవారు కాదు. ఇన్నాళ్ళకొకసారి పెరటి పొయ్యి రాజేసి, బార్లీ పిండితో రొట్టెలు కాల్చి, కోసి, ఆరుతున్న పొయ్యిలోనే మళ్ళీ పెట్టి గట్టిగా ఎండబెట్టేవారు. మన రస్కుల్లాంటివే గాని రాయిలా ఉంటాయి. పేరు పక్సిమాది. నెలల తరబడి పాడవదు. తినేముందు నీళ్ళు చిలకరించి, కోరిన టమాటా, కాస్త జున్నులాంటి మేక వెన్నముద్ద, పైన ఆలివ్ నూనె వేసుకుంటే అదే భోజనం. ఎండాకాలంలో పులిసిన మేకపాలలో గోధుమరవ్వ ఉడికించి, ముద్దలు చేసి మిద్దెల మీద ఎండబెడతారు. చలికాలంలో చారులో వేసుకుంటారు. మన వడియాలకు దూరపు చుట్టం అనుకోండి! నువ్వులూ తేనే కలిపి చేసే బిళ్ళలు కూడా ఉన్నాయి. మన చిమ్మిలి తిన్న నోటికి అవి కొత్త కావు.

ఇక ఆకుకూరలు. వానలు పడగానే ఆడవాళ్ళు చిన్న కత్తీ, సంచీ పట్టుకుని కొండవాలుకు పోతారు. పెంచని, విత్తని ఆకులు పదుల రకాలు ఏరుకొస్తారు. వాటన్నిటినీ కలిపి హోర్తా అంటారు. ఉడికించి, నూనె, నిమ్మరసం వేసుకోవడమే. ఏది తినేదో, ఏది చేదో, ఏది విషమో తల్లి కూతురికి చూపించి నేర్పవలసిందే. ఎండాకాలం వచ్చేసరికి వాళ్ళ బుట్టలో మన గంగపాయల కూర, మన తోటకూర జాతి ఆకు కూడా ఉంటాయి! పైగా వాళ్ళ మతం ప్రకారం ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు ఉపవాసాలు. అంటే మాంసం, పాలు, గుడ్లు మానడం. నత్తలు మాత్రం పనికొస్తాయట. రక్తంలేని జీవాలు కదా అని!

ఇంతలో యుద్ధం వచ్చింది. 1941 మే నెలలో జర్మన్ సైనికులు విమానాల నుంచి గొడుగులతో ఆ ద్వీపం మీదికి దిగారు. ఎదురు తిరిగిన పల్లెలను తగలబెట్టారు. 1943 సెప్టెంబరులో వియానోస్ ప్రాంతపు ఊళ్ళలో వందల మందిని చంపేశారు. 1944 ఆగస్టులో అనోయా అనే కొండ ఊరిని నేలమట్టం చేశారు. మగదిక్కు పోయిన ఇళ్ళలో ఆలివ్ పళ్ళు ఏరడం, పొలం, పిల్లలు, అన్నీ ఆడవాళ్ళ మీదే పడ్డాయి. అనోయా స్త్రీలు మగ్గం మీద నేతతో ఊరిని మళ్ళీ నిలబెట్టుకున్నారు.

గ్రీకు ప్రభుత్వం కోరగా, 1948లో అమెరికా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారు ఆ పల్లెల స్థితిగతులు విచారించడానికి వచ్చారు. ఇంటింటికీ వెళ్ళి ఏం తింటున్నారో రాసుకున్నారు. రొట్టె, ఆకులు, పప్పుధాన్యాలు, పళ్ళు, అన్నిటిలోనూ ఆలివ్ నూనె. మాంసం ఎప్పుడో. మీ తిండి మీకు తృప్తిగా ఉన్నదా అని అడిగితే, ఆరు కుటుంబాల్లో ఒక్కటే ఔనన్నది. ఇంకేం కావాలంటే మొదట మాంసం అన్నారు, ఆ తరువాత బియ్యం! మనం రోజూ పొయ్యి మీద పెట్టే బియ్యం వాళ్ళకు కోరిక అయింది.

పదేళ్ళు తిరిగాయి. యాన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1958లో ఏడు దేశాల్లో గుండెజబ్బుల పరిశోధన మొదలుపెట్టాడు. 1960లో క్రీట్ పల్లెలకు వచ్చాడు. ఆ తరువాత పదేళ్ళపాటు లెక్కలు చూస్తే, గుండెజబ్బుతో చనిపోయినవారు అన్నిచోట్లకన్నా క్రీట్‌లోనే తక్కువ. ఇంకేముంది! లేమితో తిన్న తిండి ఆరోగ్య భోజనమై లోకమంతా పాకింది. నూనె ఒక్కటే కారణం కాదు లెండి. వాళ్ళు పొద్దస్తమానం కొండలెక్కి పనిచేసేవారు. నడకే వాళ్ళ బండి.

ఇందులో నన్ను కలుక్కుమనిపించిన సంగతి ఒకటుంది. ఆ ఏడు దేశాల్లో పరీక్షించిన 12,763 మందీ మగవాళ్ళే. ఒక్క ఆడమనిషి కూడా లేదు. కొండెక్కి ఆకు ఏరినదీ, రొట్టె కాల్చినదీ, అందరికీ పెట్టి ఆఖరున తిన్నదీ ఎవరు? ఆవిడ గుండె ఎలా ఉన్నదని ఎవరూ చెవి ఆనించలేదు. రక్తంలో కొవ్వు కొలిచే పనిలో కీస్‌గారి భార్య మార్గరెట్ కూడా ఉన్నది. ఆవిడ రసాయన శాస్త్రం తెలిసిన మనిషి. అయినా లెక్కలోకి వచ్చింది మగవారే.

2010లో యునెస్కో ఆ మధ్యధరా భోజన పద్ధతిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. అప్పటికే గ్రీసు ఇళ్ళలో మాంసం పెరిగింది, నడక తగ్గింది. వయసుకు మించి లావెక్కిన పిల్లలు ఎక్కువగా ఉన్న ఐరోపా దేశాల్లో ఇప్పుడు గ్రీసు ఒకటి. కోరుకున్న మాంసం దొరికింది, ఏరుకున్న ఆకు దూరమైంది.

అందుకని పేదరికం గొప్పదని నేననను. ఆకలి ఎవరికీ ఆరోగ్యం కాదు. పిల్లలకు మరికాస్త మంచి తిండి కావాలని కోరుకున్న ఆ తల్లుల తప్పేమీ లేదు. మా అత్తగారి విసుగులోనూ తప్పు లేదు. కాని ఆ కష్టంలో వాళ్ళు సంపాదించిన తెలివి ఉందే, కష్టంతోపాటు దాన్ని కూడా గట్టున పారేసుకుంటే నష్టం మనదే.

ఆవేళ సాయంత్రం మా అత్తగారి పక్కన కూర్చుని, "గట్టు మీద ఏ ఆకు ఎలా గుర్తుపట్టేవారండీ?" అని అడిగాను. మొదట "ఎందుకే ఆ గోల?" అన్నారు. తరువాత వేళ్ళు మడిచి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. పదకొండు పేర్లు వచ్చాయి. పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలో రాసుకున్నాను. మర్నాడు పప్పులో మళ్ళీ గంగపాయల కూరే వేశాను. ఆవిడకు మాత్రం వేరే గిన్నెలో బీరకాయ కూర చేశాను. ఆ మాత్రం ఆవిడకు చెల్లుతుంది కదండీ!

సెలవు.