విజయనగరం జిల్లా: విశాఖ పక్కన పల్లెసీమ

విజయనగరం జిల్లా ఉత్తరాంధ్రలో విశాఖపట్నానికీ శ్రీకాకుళానికీ నడుమ ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు విడదీసి 1979 జూన్ 1న దీన్ని ఏర్పాటు చేశారు. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపు కొండప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. శ్రీకాకుళం జిల్లా నుంచి రాజాం పరిసర మండలాలు ఇటు వచ్చి చేరాయి. భోగాపురం, పూసపాటిరేగ మండలాలకు సముద్రతీరం ఉంది. మిగిలినదంతా చెరువులు, గెడ్డలు, మెట్టచేలు, మామిడి, జీడితోటలు. జిల్లాకేంద్రం నుంచి విశాఖకు రైలులో అరవై కిలోమీటర్ల చిల్లర. మహానగరం ఇంత చేరువలో ఉన్నా 2011 జనగణనలో జిల్లా జనాభాలో పట్టణవాసులు 21 శాతమే. నగరం దగ్గరుంటే పల్లె దానంతటదే ఎదుగుతుందన్న నమ్మకాన్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆ పరీక్షలో నమ్మకం నిలవలేదని అంకెలు చెబుతున్నాయి.

2011లో జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. తరవాత పదమూడు జిల్లాలతో మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో అదే అట్టడుగు. 2001 నుంచి పదేళ్లలో ఉమ్మడి రాష్ట్ర జనాభా దాదాపు 11 శాతం పెరిగితే, ఇక్కడ పెరిగింది నాలుగు శాతం పైచిలుకే. ఆ తేడాలో పెద్ద భాగం వలసదే అనుకోవాలి. విశాఖ, హైదరాబాద్, విజయవాడ, చెన్నై కట్టడాల దగ్గర ఈ జిల్లా కూలీలు లేని చోటు అరుదు. గిరిజన ఏజెన్సీ ప్రాంతాల వెనుకబాటు వల్లే జిల్లా సగటు దిగజారిందని కొందరి వాదన. లెక్క వేసి చూస్తే అది నిలవదు. అప్పటి జిల్లాలో గిరిజనులు సుమారు పది శాతం. వారిలో ఒక్కరికీ చదువు రాదనుకున్నా, మిగిలినవారి అక్షరాస్యత 66 శాతానికి చేరదు. ఉమ్మడి రాష్ట్ర సగటు 67. గిరిజనుల్లో చదువుకున్నవారు ఉన్నారు గనుక మైదానం అసలు స్థాయి అంతకంటే తక్కువే. పద్నాలుగు శాతానికి పైగా గిరిజనులున్న నాటి విశాఖ జిల్లా మాత్రం, నగరం పుణ్యమా అని, 66.91 శాతం చూపించగలిగింది. నింద కొండల మీదికి నెట్టడం తేలిక, అంతే.

కారణం వెతకాలంటే విశాఖ మహానగరం కాకముందుకు వెళ్లాలి. పూసపాటి వారు 1713లో విజయనగరంలో కోట కట్టారు. 1794లో పద్మనాభం యుద్ధంలో కుంఫిణీ సేన చేతిలో చిన విజయరామరాజు మరణించాడు. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చింది. ఆ ఒప్పందంతో జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కషు స్థిరపడింది. పంట పెరిగినా సర్కారుకు అదనంగా వచ్చేది లేదు గనుక, ఇక్కడ నీటి పనుల మీద పెట్టుబడి పెట్టే ఆసక్తీ దానికి లేకపోయింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టా మిగులు పంట చూసింది. ఆ మిగులులోంచే అక్కడ బడులు, ప్రెస్సులు, వ్యాపారాలు పుట్టాయి. చంపావతి, గోస్తని, సువర్ణముఖి, వేగవతి వంటి చిన్న నదుల సీమకు చెరువులూ బందలే దిక్కయ్యాయి. వాన తప్పితే చోళ్లు, గంట్లు. 1948 చట్టం జమీందారీలను రద్దుచేసినా నీరు వెంటనే రాలేదు. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ జాతికి అంకితమైంది 2015లో.

దీనికి ఎదురుగా జిల్లాకేంద్రానికి ‘విద్యలనగరం’ అన్న పేరుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. 1879లో కళాశాల స్థాయికి ఎదిగిన మహారాజా విద్యాసంస్థ, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత పాఠశాల, గురజాడ ‘కన్యాశుల్కం’, ద్వారం వారి వయొలిన్ ఇవన్నీ నిజమే. కాని ఆ చదువు కోట చుట్టూ పెరిగింది. సంస్థానం పండితుణ్ణి పోషించింది గానీ పాలెంలో బడి పెట్టడం దాని లెక్కలో పెద్దగా లేదు. జిల్లా ఘనత, వెనుకబాటు రెండూ ఒకే ఏర్పాటులోంచి వచ్చాయన్నది గమనించకపోతే ఈ జిల్లా అర్థం కాదు.

ఇక విశాఖతో సంబంధం. మధ్య భారతపు సరుకు సముద్రానికి చేర్చే రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. విశాఖ ఓడరేవు 1933లో తెరుచుకుంది. జంక్షన్ విజయనగరానికి దక్కితే, వ్యాపారం రేవుకు దక్కింది. 1960లలో గంట్యాడ మండలం తాటిపూడి దగ్గర గోస్తని మీద కట్టిన జలాశయం ఇక్కడి ఆయకట్టుతో పాటు విశాఖ దాహమూ తీరుస్తోంది. అసలే నీటి కరువున్న జిల్లా నగరానికి నీళ్లు పోయడం మీద కోపం తెచ్చుకోనక్కరలేదు, తాగునీరు ఎవరికైనా కావాలి. అయితే నగరం పెరిగేకొద్దీ పొరుగు జిల్లా ఏమి ఇస్తోందో, ఏమి పొందుతోందో లెక్క రాయాల్సిన అవసరమూ పెరుగుతుంది. జిల్లాలోనే నిలబడిన పరిశ్రమలను చూస్తే తేడా తెలుస్తుంది. నెల్లిమర్ల జనపనార మిల్లు, గరివిడి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఇక్కడి నారను, మాంగనీసును ఇక్కడే సరుకుగా మార్చాయి. పక్క ఊళ్లవారికి నెలజీతాలు చూపించింది అవే. వాటికి కష్టాలొచ్చినప్పుడల్లా ఆ ఊళ్లు కూలి కోసం మళ్లీ బయటికి చూడవలసి వచ్చింది.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం భోగాపురం విమానాశ్రయం రూపంలో వస్తుంది. రెండు వేల ఎకరాలకు పైగా స్థలంలో, అల్లూరి సీతారామరాజు పేరుతో తలపెట్టిన ఈ అంతర్జాతీయ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. శంషాబాద్ విమానాశ్రయం రంగారెడ్డి జిల్లాను మార్చినట్టే ఇది విజయనగరాన్ని మారుస్తుందని ఆశ. రంగారెడ్డి ఉదాహరణ మంచిదే గానీ దాన్ని చివరిదాకా చదవాలి. ఆ సంపద నగరాన్ని ఆనుకున్న మండలాల్లో పేరుకుంది. పడమటి వికారాబాద్, తాండూరు వెనుకబడే ఉండి, 2016లో వేరే జిల్లా అయ్యాయి. ఇక్కడా భోగాపురం, డెంకాడ, కొత్తవలసల్లో భూముల ధరలు పెరగవచ్చు. పట్టా ఉన్నవాడికి పరిహారం అందుతుంది. అతని జీడితోటలో, సరుగుడు తోటలో కూలికి వెళ్లేవాడికి ఆ పని పోతుంది. తెర్లాం రైతుకు విమానాశ్రయం కంటే తోటపల్లి కాలువ చివరి తూముకు నీళ్లందడం ముఖ్యం. ఇక అక్షరాస్యత విషయానికొస్తే, పునర్విభజనతో కొండప్రాంతం చాలావరకు వేరైంది. అక్షరాస్యత తక్కువకు ఏజెన్సీని కారణంగా చూపే వీలు ఇకమీదటి జనగణనలో ఉండదు.